మీకు తెలుసా? పడవ వివరాలు దాని నంబరులోనే

వేట పడవ పక్కన రాసిన నంబరు చూస్తే, అది ఏ రాష్ట్రానిదో, ఏ రకందో తెలిసిపోతుంది!

● మొదట ‘ఐఎన్‌డీ’ అంటే భారత్, తర్వాత ‘ఏపీ’ అంటే ఆంధ్రప్రదేశ్. ‘ఎంఎం’ ఉంటే మరపడవ. ‘ఎంఓ’ ఉంటే మోటారు బిగించిన పడవ. నెల్లూరు తీరంలో కనిపించే ఫైబర్ తెప్పలు ఈ కోవలోవే.

● పాత పడవ కొనేటప్పుడు ఆ నంబరును రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోల్చాలి. బేరం కుదిరాక మత్స్యశాఖలో పేరు మార్పించుకోవడం మరవకూడదు.

● తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. మరమ్మతుకు ఒడ్డెక్కిన పాత పడవను కొనేముందు దాని అడుగుభాగాన్ని పగుళ్లు, అతుకులతో సహా పరిశీలించడానికి ఇదే అనువైన సమయం.