అగ్గిపుల్లయు అడవియు

మన కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతములందు వాన తక్కువ, ఎండ ఎక్కువ. నల్లరేగడిలో పైరును ఎండించు పొడిగాలియే, మందులో ముంచిన అగ్గిపుల్లలు త్వరగా ఆరుటకు అనుకూలించినది. 1920వ దశకమున శివకాశిలో నాటుకొని ఇచ్చటికిని వ్యాపించిన ఆ పరిశ్రమ, వాన నమ్మి చెడిన కుటుంబములకు కూడు పెట్టినది.

కాని పుల్లకు వలసిన మెత్తని కొయ్య మన చెంత చాలినంత లేదు. చాలవరకు కేరళమునుండి వచ్చును. మన పొయ్యి వెలుగుటకు వేరొకచోట చెట్టు కూలుచున్నది. పూర్వము పెట్టెను సైతము కొయ్యరేకుతో చేసెడివారు. నేడు అట్టతో చేయుటచే కొంత కొయ్య మిగులుచున్నది.

పరిశ్రమ మూసిన కూడు పోవును. చెట్లు నాటకున్న పరిశ్రమయే పోవును. పెద్దమాను తక్కువ వానకును పెరుగును. దాని కొయ్య పుల్లలకు పనికివచ్చును. తల్లిదండ్రులారా, గట్టున ఒక్కటైనను నాటింపుడు. పుల్ల కాలుట క్షణము. మాను పెరుగుట ఏండ్లు.