ఎఱ్ఱ టేపు గుర్తులు: పరమాణు కార్మికుల ఫిర్యాదులకు శాసన రక్షణ

యురేనియంకు వాసన లేదు. దాని ద్రావణము బల్లపై ఒలికి ఎండిపోయినచో, దాని నుండి వెలువడు ఆల్ఫా కణములు గాలిలో కొద్ది సెంటీమీటర్లకు మించి పోలేవు. మన చర్మపు పైపొరయే వాటిని ఆపివేయును. అయితే ఆ ఎండిన పొడి శ్వాసతో లోనికి పోయినచో, ఊపిరితిత్తుల సున్నితమైన పొరలకు అట్టి కవచము లేదు. అందుచేత ఒలికిన చోటును వెంటనే శుభ్రము చేసి, పరికరముతో పరీక్షింపవలెను. ఆ పరికరమును పట్టుకొను చేయి కార్మికునిది. లోపమును చూచిన కార్మికుడు భయపడి ఊరకున్నచో పరికరము ఉండియు లేనట్లే.

అట్లు ఊరకుండని యొక కార్మికురాలి వృత్తాంతమిది. అమెరికాలో ఉత్తర కెరొలైనా రాష్ట్రమున విల్మింగ్టన్ అను పట్టణము కలదు. అచ్చటి జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరమాణు ఇంధన కర్మాగారమున వెరా ఇంగ్లీష్ అను ఆమె 1972 నుండి ప్రయోగశాలలో పనిచేసెను. ఒలికిన రేడియోధార్మిక పదార్థములను తోటివారు శుభ్రము చేయుట లేదని 1984 ఫిబ్రవరిలో ఆమె యాజమాన్యమునకును, పరమాణు నియంత్రణ సంఘమునకును తెలిపెను. యాజమాన్యము పట్టించుకొనలేదని విసిగి, ముందటి షిఫ్టులో యురేనియం ద్రావణము పడిన బల్లను ఒకనాడు ఆమె తుడువక, మరకల చుట్టును ఎఱ్ఱ టేపు అంటించి విడిచెను. కొన్ని దినములు గడచినను ఎవరును తుడువలేదు. అప్పుడామె ఆ గుర్తులను పైయధికారికి చూపగా, పని నిలిపి ప్రయోగశాలను పరీక్షించి శుభ్రపరచిరి.

కాని తెలిసియుండియు మరకలను తుడువలేదను నేరము ఆమెపైననే మోపబడెను. 90 దినములలో అణుపదార్థములు లేని విభాగమున వేఱొక పని సంపాదించుకొననిచో ఉద్యోగము పోవునని ఏప్రిల్ 30న తెలిపిరి. ఆ నిర్ణయమును మే 15న ఖాయపరచిరి. జూలై 30న ఉద్యోగము పోయెను.

ఇట్టి ప్రతీకారమును నిషేధించు శాసనము అప్పటికే కలదు. 1974 నాటి శక్తి పునర్వ్యవస్థీకరణ శాసనమునకు 1978లో ఈ విభాగమును చేర్చిరి. దాని క్రింద ఆమె ఆగస్టు 24న కార్మిక శాఖకు ఫిర్యాదు చేసెను. సంస్థ శాసనమును ఉల్లంఘించినదని విచారణాధికారి తేల్చెను. అయినను ఫిర్యాదు కొట్టివేయబడెను. కారణమేమి? ఫిర్యాదునకు గడువు 30 దినములు మాత్రమే. ఉద్యోగము పోయిన జూలై 30 నుండి లెక్కించినచో 25 దినములే అయినవి. కాని నిర్ణయమును ఖాయపరచి తెలిపిన మే 15 నుండి కార్మిక శాఖ లెక్కించెను. అప్పుడు 101 దినములగును.

పిమ్మట ఆమె మనోవేదనకు నష్టపరిహారము కోరుచు దావా వేసెను. కేంద్ర శాసనము ఉండగా రాష్ట్ర న్యాయము క్రింద ఇట్టి దావా చెల్లదని క్రింది న్యాయస్థానములు త్రోసిపుచ్చినవి. 1990లో అమెరికా సుప్రీం కోర్టు ఏకగ్రీవముగ ఆ తీర్పును కాదనెను. కేంద్ర శాసనము ఉన్నంతమాత్రమున రాష్ట్ర న్యాయపు తలుపు మూసికొనదని దీని భావము.

1992లో శాసనమునే సవరించి, గడువును 180 దినములకు పెంచిరి. ఆమె 101 దినములు ఇందులో ఇమిడిపోయెడివే. రుజువు చేయు భారమును గూడ పంచిరి. తొలగింపునకు తన ఫిర్యాదు ఒక కారణమని కార్మికుడు చూపవలెను. ఫిర్యాదు లేకున్నను తొలగించియే యుందుమని యజమాని స్పష్టమైన సాక్ష్యముతో నిరూపింపవలెను. గెలిచిన కార్మికునికి తిరిగి ఉద్యోగము, పోయిన జీతము, నష్టపరిహారము లభించును. ఏడాదిలోగా కార్మిక శాఖ తుది నిర్ణయమీయనిచో కేంద్ర న్యాయస్థానమునకు పోవచ్చునని 2005లో మఱియొక సవరణ చేసిరి.

అయితే యజమాని ఆదేశము లేకయే బుద్ధిపూర్వకముగ భద్రతా నియమమును అతిక్రమించిన కార్మికునికి ఈ శాసనము రక్షణ ఈయదు. కనుక లోపమును కనుగొన్న కార్మికుడు దానిని చక్కదిద్దుటయు, తేదీతో వ్రాసి తెలుపుటయు, ప్రతికూల నిర్ణయము చేతికందిన దినము నుండియే గడువు లెక్కించుకొనుటయు అవసరము. అమెరికా పరమాణు కర్మాగారములలో ఈ హక్కులను తెలుపు ప్రకటన కార్మికులకు కనబడునట్లు గోడపై ఉంచవలెనను నియమము కలదు.