ఇంటి భాష ఒకటి.. బడి భాష మరొకటి

* మన్యం చిన్నారులకు తొలి మెట్టులోనే అవరోధం
* పుస్తకంతో పాటు భాష తెలిసిన గురువూ అవసరం

అరకులోయ: మన్యంలోని గిరిజన గ్రామాల్లో తెలుగు మాట్లాడని ఇంటి నుంచి బడికి వచ్చే చిన్నారికి తొలిరోజే రెండు పనులు ఎదురవుతాయి. ఒకటి అక్షరాలు నేర్చుకోవడం. రెండోది ఆ అక్షరాలు ఏ భాషవో ఆ భాషనే నేర్చుకోవడం. మైదాన ప్రాంతపు తెలుగు విద్యార్థికి ఈ రెండో పని ఉండదు. తొలి తరగతుల్లో గిరిజన విద్యార్థులు వెనుకబడటానికి ఈ అదనపు భారం ఒక ప్రధాన కారణమని విద్యావేత్తలు ఏళ్ల తరబడి చెబుతున్నారు.

ఒకే లోయ.. పలు భాషలు

తూర్పు కనుమల్లోని ఈ ప్రాంతంలో కొంధులు కువి మాట్లాడతారు. కొండదొరల్లో కొందరిది కొండ భాష. దీనికే కూబి అని మరో పేరు. వేర్వేరు తెగల వారు సంతలో కలిసినప్పుడు మాట్లాడుకునేది ఎక్కువగా ఆదివాసీ ఒడియా. కువి, కొండ భాషలు తెలుగు వలె ద్రావిడ కుటుంబానికి చెందినవే. ప్రముఖ భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాషపై రాసిన వ్యాకరణ గ్రంథం 1969లో వెలువడింది. అయితే భాషల మధ్య చుట్టరికం ఉన్నంత మాత్రాన కువి ఒక్కటే తెలిసిన బిడ్డకు తెలుగు పాఠం బోధపడదు.

బొమ్మ తెలుసు.. మాట తెలియదు

వాచకంలోని అక్షరమాల పాఠాన్నే తీసుకుంటే సమస్య స్పష్టమవుతుంది. 'తలుపు' బొమ్మ చూపి 'త' నేర్పడం పరిపాటి. బిడ్డ తలుపును గుర్తుపడతాడు. కానీ తన ఇంటి మాటలో దాని పేరు చెబితే అది 'త'తో మొదలు కాకపోవచ్చు. సరైన జవాబు తెలిసీ తప్పు చెప్పినవాడవుతాడు. క్రమంగా నోరు విప్పడం మానేస్తాడు. ఉపాధ్యాయుడికి ఆ భాష రాకపోతే ఆ మౌనాన్ని మందబుద్ధిగా పొరబడే ప్రమాదం ఉంది. రాష్ట్రంలో 2020-21 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఆంగ్లంగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇలాంటి చిన్నారికి ఆ రెండు పేజీలూ పరాయివే.

మాతృభాషా బోధన ఇలా..

ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం నిర్దేశిస్తోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం, 2020 జాతీయ విద్యావిధానం సైతం వీలైనంత వరకు ఇదే పాటించాలన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలోనే బహుభాషా విద్య మొదలైంది. కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ సహా ఎనిమిది భాషల్లో వాచకాలు రూపొందాయి. వీటిని తెలుగు లిపిలోనే ముద్రించారు. అందువల్ల బిడ్డ తన మాటలతో నేర్చిన అక్షరాలే తర్వాత తెలుగు చదవడానికీ పనికివస్తాయి. ముందుగా ఇంటి భాషలో కథలు, పాటలు, సంభాషణ. ఆపై చదవడం, రాయడం. తరగతి పెరిగే కొద్దీ తెలుగు పాలు పెంచడం ఈ పద్ధతిలోని క్రమం. ఇక్కడ తెలుగును దూరం పెట్టడం లేదు. తెలుగులోకి మెట్లు కట్టడమే ఉద్దేశం.

తీర్పు తర్వాత..

పుస్తకం ఉన్నా దాన్ని చదివి వినిపించే గురువు లేకపోతే ప్రయోజనం శూన్యం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరి 10న ప్రభుత్వం జీవో 3 జారీ చేసింది. దీంతో స్థానిక యువత బడుల్లోకి ఉపాధ్యాయులుగా వచ్చారు. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంటూ సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న ఈ జీవోను కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలకు షరతులతో రక్షణ కల్పించింది. ఉద్యోగాల విషయంలో గిరిజనుల్లో ఆందోళన నెలకొనగా, తరగతి గదిలో భాష సంగతి మరుగున పడింది.

స్థానికత వేరు.. భాష వేరు

ఈ రెండింటినీ విడదీసి చూడాల్సి ఉంది. స్థానిక గిరిజనుడైనంత మాత్రాన ప్రతి ఉపాధ్యాయుడికీ కువి వస్తుందని చెప్పలేం. ఇంట్లో తెలుగో, ఆదివాసీ ఒడియానో మాట్లాడే తెగల వారికి పొరుగు గ్రామంలోని కువి కొత్తే. అలాగే మైదానం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు పట్టుదలగా నేర్చుకుంటే ఆ భాష అసాధ్యమూ కాదు. కోర్టు కాదన్నది నూరు శాతం కేటాయింపును మాత్రమే. ఏ గ్రామంలో పిల్లలు ఏ భాష మాట్లాడుతున్నారో లెక్క తీయడం, ఆ భాష వచ్చిన వారిని ఒకటి, రెండు తరగతులకు నియమించడం, మిగిలిన వారికి భాషా శిక్షణ ఇవ్వడం ఆ తీర్పునకు అడ్డురావు. తాత్కాలిక వాలంటీర్లతో ఏటా నెట్టుకొస్తే మాత్రం, వారు ఆగిపోయిన ఏడాది బడిలో చేరిన పిల్లలే నష్టపోతారు. తొలి రెండేళ్లలో చదవడం పట్టుబడని విద్యార్థి ఐదో తరగతికి చేరినా పాఠం అందుకోలేడు. ఆశ్రమ పాఠశాలకు చేరేసరికి ఆ లోటు పూడ్చడం మరింత కష్టమవుతుంది.