చందా పుస్తకం చంకన పెట్టుకునే ముందు

బడి గదిలో తిరిగే ఫ్యాను రెక్క మీద, గుడి మెట్ల పక్కన సిమెంటు బల్ల మీద, శ్మశానం గేటు మీద... మన ఊళ్లలో దాత పేరు లేని చోటు వెతుక్కోవాలి. రాయించినవాళ్లే తప్ప చదివేవాళ్లు తక్కువ. ఒక స్వచ్ఛంద సంస్థకు విరాళం ఎవరివ్వగలరో వెతికిపెట్టే మనిషికి మాత్రం అవే మొదటి కాగితాలు. అమెరికాలో ఈ పనిని ప్రాస్పెక్ట్ రీసెర్చ్ అంటారు. దానికి జీతం ఉన్న ఉద్యోగాలున్నాయి, ఆ ఉద్యోగులకు 'ఆప్రా' అని ఒక సంఘం ఉంది. మనం అరుగు మీద కూర్చుని "ఎవరెవర్ని అడుగుదాం?" అనుకుంటూ చేసేదీ అదే పని. కాకపోతే కాగితం మీద పెట్టం.

రాతి మీద రసీదులు

పెట్టం అనడం కూడా తప్పే. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. అఖండ దీపానికి నెయ్యి కోసం పశువుల మందలు ఇచ్చినవాళ్లు, భూములు రాసిచ్చినవాళ్లు, ఎవరి పుణ్యం కోసం ఇచ్చారో... అన్నీ చెక్కారు. కాకతీయుల కాలపు దాన శాసనాలను చరిత్రకారిణి సింథియా టాల్బోట్ వరుసగా లెక్కగట్టి చూస్తే, దాతల్లో రాజులే కాదు, వర్తకులు, పశుపాలకులు, సైనికులు, స్త్రీలు కనిపించారు. పేరు, ఊరు, ఇచ్చిన వస్తువు, ఇచ్చిన కారణం: ఈనాటి దాతల జాబితాలో ఉండాల్సిన గళ్లు ఇవే. అప్పటివాళ్లు చెరిగిపోకుండా చెక్కారు, మనం తరచూ పాడయ్యే కంప్యూటర్లో దాస్తున్నాం.

మూడు ప్రశ్నలు

ఈ పని తెలిసినవాళ్లు ఒక పేరును మూడు ప్రశ్నలతో జల్లెడ పడతారు. ఇవ్వగలిగే తాహతు ఉందా? మన పని మీద మమకారం ఉందా? ఇదివరకు ఎవరికైనా ఇచ్చిన అలవాటు ఉందా? మనలో చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. మా బడి పూర్వ విద్యార్థుల సంఘం కూడా అంతే. ప్రహరీ గోడ కోసం జిల్లాలో పెద్ద ఆసామి ఒకాయన ఇంటి చుట్టూ ఆర్నెల్లు తిరిగాం. టీలు తాగాం, తిరిగొచ్చాం. గోడ కట్టించింది ఆ బడిలోనే పదో తరగతి రెండుసార్లు తప్పిన ఒక లారీ యజమాని. ఆయన పేరు మా జాబితాలో లేనే లేదు.

ఫ్రాంక్లిన్ గారి వరస

బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను ఒక పాదిరి అడిగాడట, ప్రార్థనా మందిరానికి చందాలు వసూలు చేసిపెట్టమని. ఫ్రాంక్లిన్ వసూలుకు రానన్నాడు, పేర్ల జాబితా కూడా ఇవ్వనన్నాడు. సలహా మాత్రం ఇచ్చాడు: తప్పక ఇస్తారని తెలిసినవాళ్లను ముందు అడుగు, ఆ జాబితా పట్టుకెళ్లి అనుమానంగా ఉన్నవాళ్లకు చూపించు, చస్తే ఇవ్వరనుకున్నవాళ్లను కూడా వదలకు, వాళ్లలో కొందరి విషయంలో నీ లెక్క తప్పొచ్చు. పాదిరి నవ్వి, చెప్పినట్టే చేసి, అనుకున్నదానికంటే ఎక్కువే తెచ్చుకున్నాడు. ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో రాసుకున్న సంగతి ఇది. ఇచ్చినవాళ్ల పేర్లు ముందు చదివి వినిపించే మన చందాల పద్ధతికి ఇది అన్నో తమ్ముడో.

దివాన్ గారి దారి

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి. రెండింటి వెనుకా కొమర్రాజు లక్ష్మణరావు ఉన్నారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు అండా ఉంది. లక్ష్మణరావు మునగాల సంస్థానానికి దివాను. ఆ గుమ్మం ఎక్కడానికి ఆయనకు ఎవరి సిఫారసూ అక్కర్లేదు. నాకు తెలిసినంతలో దాతను వెతకడమంటే సగం ఇదే: డబ్బున్నవాడెవరన్నది ఊరందరికీ తెలుసు, ఆ గుమ్మం లోపలికి నడిచి వెళ్లగలిగే మనవాడెవరో కనిపెట్టడమే అసలు పని.

అయిదు వేల మూట

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారు. దేవదాసీలు ఆయన్ను కలిసి మాట్లాడాలని, అప్పటికి పన్నెండేళ్లు నిండని దుర్గాబాయి పట్టుబట్టింది. అయిదు వేల రూపాయల నిధి ఇస్తే కొద్ది నిమిషాలు కేటాయిస్తామన్నారు నిర్వాహకులు. పిల్ల ఎక్కడ తెస్తుందిలే అనుకుని ఉంటారు. దేవదాసీలే పోగుచేసి ఇచ్చారు. సభకు వచ్చిన స్త్రీలు ఒంటి మీది నగలు కూడా తీసి ఇచ్చారు. ఆ ఊళ్లో దాతల జాబితా రాయమంటే ఏ పెద్దమనిషైనా వాళ్ల పేర్లు రాసేవాడా? ఆ పిల్లే తర్వాత ఆంధ్ర మహిళా సభ స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్.

మార్చి నెల హడావిడి

ఇక కంపెనీల సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను గీసిన గీత ఇది: నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటితే, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు (సీఎస్‌ఆర్) ఖర్చుపెట్టాలి. మూడింట్లో ఏ ఒక్కటి తగిలినా చాలు. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమలులో ఉంది. జనానికి తెలియంది దీని తోక. ఏళ్ల తరబడి నడిచే పనికి కేటాయించిన సొమ్ము మిగిలితే, ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో విడి బ్యాంకు ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చుచేయాలి. అలాంటి పనేదీ లేకపోతే మిగిలిన సొమ్మును ఆరు నెలల్లో ప్రధానమంత్రి సహాయ నిధి వంటి ప్రభుత్వ నిధికి కట్టేయాలి. అందుకే ఆర్థిక సంవత్సరం చివరి మూడు నెలల్లో కొన్ని కంపెనీలకే మంచి సంస్థలు కావాల్సి వస్తాయి. అప్పుడు తలుపు తట్టినవాడు అదృష్టవంతుడని కాదు, లెక్క చదివినవాడని అర్థం.

అదే సెక్షనులో ఇంకో మాట ఉంది: కంపెనీ తాను పనిచేసే చోటికి, దాని చుట్టుపక్కలకి ప్రాధాన్యం ఇవ్వాలి. కాబట్టి ముంబయిలో హెడ్డాఫీసు అడ్రసు వెతకడం కంటే, మీ మండలంలో ఫ్యాక్టరీ ఎవరిదో కనుక్కోవడం మేలు. సంస్థ కూడా సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి అది లేనిదే ఏ కంపెనీ సీఎస్‌ఆర్ సొమ్మూ సంస్థ చేతికి రాదు.

నూరు రూపాయల టికెట్టు

కార్పొరేటు వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో 100 రూపాయలు కడితే ఒక కంపెనీ దాఖలు చేసిన కాగితాలు చూడొచ్చు. డైరెక్టర్లెవరు, లాభమెంత, సీఎస్‌ఆర్ కింద ఏ సంస్థకు ఇచ్చారు... అన్నీ అందులోనే. లిస్టయిన కంపెనీ అయితే వార్షిక నివేదిక ఉచితంగానే దొరుకుతుంది, చివర్లో సీఎస్‌ఆర్ అనుబంధం ఉంటుంది. కంటి ఆపరేషన్లకు తప్ప దేనికీ ఇవ్వని కంపెనీకి చెరువు పూడికతీత గురించి ఉత్తరం రాయడం తపాలా బిళ్ల దండగ.

అన్న డబ్బు వేరు, తమ్ముడి డబ్బు వేరు

డల్లాస్‌లో ఉన్న ఇద్దరు అన్నదమ్ములు ఊరి గ్రంథాలయానికి చెరో లక్ష పంపుతామన్నారనుకోండి. అన్నకు గ్రీన్‌కార్డు ఉంది గానీ పాస్‌పోర్టు ఇంకా భారతదేశానిదే. తమ్ముడు అమెరికా పౌరుడైపోయాడు, ఓసీఐ కార్డు ఉంది. అన్న తన సొంత సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. తమ్ముడిది అక్షరాలా విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే పడాలి. తెలుగువాళ్ల ట్రస్టులు ఎక్కువగా బోల్తాపడే గుంట ఇది. దాత ఎంత ధనవంతుడన్నది కాదు, జేబులో ఏ పాస్‌పోర్టు ఉందన్నది ముందు అడగాలి. ప్రతి దాత దగ్గరా ఆ పుస్తకం నకలు తీసి పెట్టుకోవడం మొహమాటపడాల్సిన పని కాదు.

జీతం కాదు, కంపెనీ పేరు

ఉద్యోగి ఒక డాలరిస్తే తామూ ఒక డాలరిచ్చే పద్ధతిని 1954లో జనరల్ ఎలక్ట్రిక్ ఫౌండేషన్ మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ తన అమెరికా ఉద్యోగుల దానాలకు ఏడాదికి 15,000 డాలర్ల దాకా జతచేస్తుంది. సియాటిల్‌లో ఉన్న మన కుర్రాళ్లలో ఎంతమంది ఆ ఫారం నింపుతారో వాళ్లకే తెలియాలి. దానం అక్కడ గుర్తింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థకు వెళ్లాలన్నది అసలు షరతు.

గాజు జేబులు

1950ల మొదట్లో అమెరికా పార్లమెంటుకు పెద్ద పెద్ద ఫౌండేషన్ల మీద అనుమానం వచ్చి విచారణలు పెట్టింది. కార్నెగీ కార్పొరేషన్ తరఫున రస్సెల్ లెఫింగ్‌వెల్ వచ్చి, ఫౌండేషన్ల జేబులు గాజువై ఉండాలన్నాడు. ఆ వేడిలోనే 1956లో ఫౌండేషన్ల వివరాలన్నీ ఒకచోట పెట్టే గ్రంథాలయం న్యూయార్కులో పుట్టింది. ఇప్పుడు దాని వారసురాలు క్యాండిడ్ అనే సంస్థ. అక్కడి ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా దాఖలు చేసే 990-పీఎఫ్ ఫారంలో ఎవరికెంత ఇచ్చిందీ రాయాలి. ఆ ఫారం ఎవరైనా చదువుకోవచ్చు.

ఉప్పు చల్లిన జాబితా

అమెరికాలో ఒక రాజకీయ కమిటీకి 200 డాలర్లకు మించి ఇస్తే దాత పేరు, వృత్తి, పనిచేసే చోటు బహిరంగమవుతాయి. దాతల వేటలో ఉన్నవాడికి పండగే కదా? కాదు. ఆ జాబితాలోని వ్యక్తుల దగ్గర విరాళాలు అడగడానికి ఆ వివరాలు వాడటం చట్టరీత్యా నిషిద్ధం, ధర్మకార్యానికైనా సరే. ఎవరైనా వాడితే పట్టుకునేందుకు కమిటీలు నివేదికలో పది దాకా దొంగపేర్లు చేర్చుకోవచ్చు. లేని మనిషికి చందా ఉత్తరం వచ్చిందా, దొంగ దొరికినట్టే. దీన్ని అక్కడ ఉప్పు చల్లడం అంటారు.

కూపీ లాగితే జరిమానా

2016 డిసెంబరులో బ్రిటన్ సమాచార కమిషనరు రెండు పేరున్న ధర్మసంస్థలకు జరిమానా వేశారు. జంతు సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏకు 25,000 పౌండ్లు, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్‌కు 18,000. తమ దాతల ఆస్తిపాస్తులు అంచనా వేయమని వాళ్ల పేర్లను బయటి కంపెనీలకు ఇవ్వడం, ఆ సంగతి దాతలకు చెప్పకపోవడం ఆ సంస్థల తప్పుల్లో ఒకటి. 2017 ఏప్రిల్లో మరో పదకొండు సంస్థలకు కలిపి 1,38,000 పౌండ్లు పడింది. మన దగ్గర ఎవరి భూమికైనా ఈసీ తీయించడం తేలికే. తీయించి, ఎకరాలు లెక్కపెట్టి, వాళ్లింటికే విరాళానికి వెళ్లడం మాత్రం, చట్టం మాట అటుంచి, మర్యాద కాదు.

ఏ జల్లెడకూ చిక్కనివాళ్లు

ఆన్ షైబర్ అమెరికా పన్నుల శాఖలో చిరుద్యోగి. 1995లో 101 ఏళ్ల వయసులో పోతూ న్యూయార్కులోని యెషీవా యూనివర్సిటీకి 2.2 కోట్ల డాలర్లు రాసిపెట్టింది. ఆమె ఎవరో ఆ యూనివర్సిటీకి తెలియదు. అదే ఏడాది మిసిసిపీలో, బతుకంతా బట్టలుతికిన ఓసియోలా మెకార్టీ స్థానిక విశ్వవిద్యాలయంలో పేద విద్యార్థుల కోసం 1,50,000 డాలర్లు ఇచ్చింది. వెర్మాంట్‌లో పెట్రోలు బంకులోనూ, తర్వాత ఊడ్చే పనిలోనూ జీవితం గడిపిన రొనాల్డ్ రీడ్ 2014లో పోయాక చూస్తే, ఊరి ఆస్పత్రికి 48 లక్షల డాలర్లు, గ్రంథాలయానికి 12 లక్షలు రాసి ఉన్నాయి. ఇటువైపు చక్ ఫీనీ ఉన్నాడు. డ్యూటీఫ్రీ దుకాణాలతో గడించి, 800 కోట్ల డాలర్ల దాకా పంచిపెట్టాడు. 1997లో బయటపడేదాకా డబ్బు అందుకున్నవాళ్లకు కూడా ఎవరిచ్చారో తెలియనివ్వలేదు.

అటక మీది ఆస్తి

కంపెనీలు, ఫౌండేషన్లు, ఎన్నారైలు అంటూ ఇంత తిరిగాక చెప్పాల్సింది ఒకటుంది. ఒకసారి ఇచ్చిన మనిషే రెండోసారి ఇవ్వడానికి అందరికంటే దగ్గర. దాతకు పన్ను రాయితీ ఇప్పించే 80జి గుర్తింపు ఉన్న సంస్థలు 2021-22 నుంచి దాతల వివరాలను ఫారం 10బీడీలో ఏటా మే 31లోగా దాఖలు చేస్తున్నాయి, కాబట్టి ఈమధ్య ఇచ్చినవాళ్ల జాబితా కంప్యూటర్లో ఉంటుంది. అంతకుముందువాళ్లు ఉన్నది మాత్రం సుతిలితాడుతో కట్టి అటక మీద పడేసిన పాత రసీదు పుస్తకాల్లో. నూట పదహార్లు రాసి, కింద వంకర సంతకం పెట్టిన కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో ఎవరికి తెలుసు? ఈసారి ఆఫీసు బూజు దులిపేటప్పుడు ఆ కట్టల్ని పాత పేపర్లవాడికి తూకం వేయకండి.