ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టంలు

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అవసరం కనుక అనేక పాత యంత్రాలు దానికి అర్హమైనవి కావు. సర్ఖని వంటి సరిహద్దు గ్రామాల్లో పిల్లల చదువుకై కొన్న అటువంటి కంప్యూటర్‌ను మూలన పెట్టనవసరం లేదు. విండోస్‌ను అలాగే ఉంచి, పక్కనే ఉచితమైన లినక్స్‌ను నెలకొల్పుకోవచ్చును.

ఇందుకు హార్డ్ డిస్క్‌ను విభజించాలి. ఒకే పొలానికి మధ్యన గట్టు వేయడం వంటిదే ఇది. అయితే గట్టు తప్పుగా పడితే అవతలి పంట పోతుంది. అందుచేత పెళ్లి ఫొటోలు, భూమి కాగితాల నకళ్లు ముందుగా వేరొక డిస్క్‌లో భద్రపరచుకోవలెను. ఈ పని రేపటికి వాయిదా వేసినవారే తరువాత విచారిస్తారు. విభజన నడుమ కరెంటు పోతే సమాచారం చెడిపోవచ్చు. ల్యాప్‌టాప్ అయితే పూర్తిగా ఛార్జి చేసి మొదలుపెట్టండి.

విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'సి' భాగాన్ని కుదించి, కనీసం 25 జీబీ ఖాళీగా వదలండి. బిట్‌లాకర్ ఉన్నట్లయితే దాని రికవరీ కీని ముందే కాగితంపై రాసుకోండి. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయండి. పాత ఎంబీఆర్ పద్ధతి డిస్క్‌పై నాలుగుకు మించి ప్రైమరీ భాగాలు సాధ్యపడవని గుర్తుంచుకోండి. తరువాత పెన్‌డ్రైవ్‌తో లినక్స్‌ను ప్రారంభించి, 'విండోస్ పక్కన' అనే వీలును ఎంచుకోవాలి. డిస్క్ మొత్తాన్ని చెరిపివేసే వీలు కూడా అక్కడే కనిపిస్తుంది. దానిని తాకరాదు.

పని పూర్తయ్యాక, కంప్యూటర్ తెరచిన ప్రతిసారీ గ్రబ్ అనే పట్టిక ఏది కావాలో అడుగుతుంది. లినక్స్ నుండి విండోస్ ఫైళ్లను చదవవచ్చు గాని, విండోస్ తనంతట తాను లినక్స్ భాగాన్ని చదవలేదు. ఉమ్మడి ఫైళ్లను విండోస్ వైపే ఉంచండి.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ వాడే మన పిల్లలకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉన్నది. రెండు భాషల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులను లినక్స్‌లో ఒకేసారి ఏర్పరచుకోవచ్చు. ఆ పద్ధతిలో తెలుగు 'క', మరాఠీ 'క' రెండూ ఒకే మీటపై ఉంటాయి. ఒకదానిలో వేళ్లు అలవాటుపడితే రెండవది సగం వచ్చినట్లే! హైదరాబాద్‌కు చెందిన 'స్వేచ్ఛ' సంస్థ తెలుగు లినక్స్‌ను రూపొందించి ఈ దారిని ముందే చూపింది.

కొంతకాలానికి లినక్స్ వద్దనిపిస్తే ఆ భాగాన్ని తొందరపడి చెరపవద్దు. గ్రబ్ అందులోనే ఉన్న పాత యంత్రాల్లో విండోస్ సైతం తెరచుకోదు. మొదట విండోస్ బూట్‌ను సరిచేసి, ఆ తరువాతనే తొలగించండి.