తరిణె కదురు బిగిసినచో ఏమి చేయవలెను?

తార్నాకను ఆనుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో, 1929లో స్థాపింపబడిన ఇంజనీరింగు కళాశాల కలదు. ఇంజనీరింగు చదువులో వడ్రంగము, ఫిట్టింగు, కమ్మరము మొదలగు చేతిపనులకు కూడ చోటున్నది. కొయ్యను గుండ్రముగా తీర్చు తరిణె అట్టి పనిశాలలలో పరిచితమైన యంత్రము. చాలకాలము వాడక మూల పడవేసిన తరిణెను బాగుచేయబూనినపుడు తరచుగా ఎదురగు చిక్కు, కదురు ఊడి రాకుండుట. తొందరపడి సుత్తితో మోదినచో యంత్రమంతయు పాత ఇనుము క్రింద పోవలసినదే.

రాట్నమునకు వలెనే తరిణెకును కదురు ముఖ్యము. దీనినే స్పిండిలందురు. ఇది రెండు బేరింగులలో తిరుగు ఉక్కు కడ్డీ. దాని నడుమ కప్పీ ఉండును. మోటారు నుండి వచ్చు బెల్టు ఈ కప్పీని త్రిప్పును.

కదురును పట్టియుంచినదేమో మొదట కనుగొనవలెను. కప్పీ గాడిలో తలలేని చిన్న మర ఒకటి మురికిలో కప్పబడి యుండవచ్చును. ఒక్కొక్కప్పుడు దాని క్రింద రెండవ మర కూడ ఉండును. కదురుపై గట్టు ఉన్నచో అది ఒక వైపునకే వెలుపలికి వచ్చును. ఇవి చూడక కొట్టిన దెబ్బకు కదురు కొన చదునై వెడల్పగును. అప్పుడది తన రంధ్రములోనే దూరదు.

మరలన్నియు తీసినను కదలనిచో కారణము సాధారణముగా తుప్పు. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమించును. అందువలన సన్నని సందు పూర్తిగా బిగిసిపోవును. పలుచని నూనె వేసి ఒక రాత్రి ఉంచినచో, దీపపు వత్తిలో చమురు ప్రాకినట్లే, కేశాకర్షణము వలన అది సందులోనికి ప్రాకును. కొయ్యముక్క అడ్డముంచి మెల్లగా తట్టినచో తుప్పు పొరలు విడును.

ఇంకను రానిచో వేడిమి తోడ్పడును. కమ్మరి బండిచక్రపు ఇనుప పట్టాను కాల్చి తొడుగును; చల్లారిన పట్టా చక్రమును బిగించును. తార్నాక సమీపమున లాలాగూడలో 1893లో నెలకొన్న రైల్వే కర్మాగారము కలదు. ఆవిరి ఇంజనుల చక్రములకు ఉక్కు పట్టాలను ఇట్లే తొడిగెడివారు; తీయుటకును వేడిచేసెడివారు. 25 మిల్లీమీటర్ల రంధ్రముగల ఇనుప కప్పీని 100 డిగ్రీల సెంటీగ్రేడు మేర వేడిచేసినచో రంధ్రము సుమారు 0.03 మిల్లీమీటరు పెరుగును. ఇది తల వెండ్రుకకంటె సన్నము, అయినను చాలును. కాని కదురు కూడ అంతే వేడెక్కినచో లాభము లేదు. కనుక కదురును తడిగుడ్డతో చల్లగా ఉంచి, కప్పీని మాత్రము త్వరగా వేడిచేయవలెను. ముందుగా నూనెను, రంపపు పొట్టును తుడిచివేయనిచో అంటుకొనును. పాత బేరింగులలోని తెల్లలోహము సుమారు 240 డిగ్రీలకే కరుగ నారంభించును గనుక మంట అచటికి తగలరాదు.

చివరకు లాగుటకు మరతో పనిచేయు పుల్లరు మేలు. 200 మిల్లీమీటర్ల పిడి ఒక చుట్టు తిరిగినప్పుడు మర 2 మిల్లీమీటర్లు సాగినచో, లెక్క ప్రకారము బలము 600 రెట్లకు పైగా పెరుగును. ఘర్షణలో అధికభాగము పోయినను మిగిలినది సుత్తిదెబ్బ వలె కాక నిలుకడగా లాగును. కదురుపై బిగిసిన గుండ్ల బేరింగును లాగునపుడు లోపలి వలయమునే పట్టవలెను. వెలుపలి వలయమును పట్టినచో గుండ్లు నొక్కుకొని దారికి గుంటలు పడును.

ఈ పని ఉపాధ్యాయుని ఎదుట, కంటికి అద్దములు ధరించి, విద్యుత్తు తీగ ఊడదీసిన పిదపనే సాగవలెను. కదురు బయటకు వచ్చిన వెంటనే తుప్పు తుడిచి నూనె రాయవలెను. తిరిగి బిగించిన తరువాత, వర్షాకాలమునకు ముందొకసారి నూనె వేసి, నెలకొకసారియైన చేతితో త్రిప్పుచుండినచో మరల బిగియు అవకాశము మిక్కిలి తగ్గును.