సీడీలో పాటలు పెన్‌డ్రైవ్‌లోకి ఎందుకు ఎక్కవు?

నిడదవోలులో ఘంటసాల భగవద్గీత సీడీ అలమారాలో దాచుకున్న ఇళ్లు ఇంకా ఉండే ఉంటాయి. సీడీ ఉంది గానీ పెట్టే డ్రైవే కొత్త లాప్‌టాప్‌లకు లేదు. పాత కంప్యూటరున్న వాళ్లింటికి వెళ్లి, కనబడిన ట్రాకులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగేస్తాం. చిటికెలో ఎక్కేస్తాయి. తీరా కారులో పెడితే కిక్కురుమనవు.

ఆ ఫైళ్ల సైజు చూడండి, ఒక్కోటి 44 బైట్లు! ఆడియో సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, అదీ రెండు చానళ్లకూ విడివిడిగా ఉంటాయి. అంటే నిమిషం పాటకు సుమారు 10 ఎంబీ కావాలి. మీరు లాగినవి పాటలు కావు. ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఆనవాళ్లు. చిరునామా చీటీ జేబులో వేసుకుంటే ఇల్లు వెంట రాదుగా! ఒకే డిస్కులో వందకు పైగా పాటలున్న ఎంపీ3 సీడీలకు ఈ తంటా లేదు. అవి మామూలు ఫైళ్లే, నేరుగా కాపీ చేసుకోవచ్చు.

ఆడియో సీడీ నుంచి పాటను బయటికి తియ్యడానికి ఫ్రీయాక్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, పైసా ఖర్చులేదు. డ్రైవ్ లేనివాళ్లు యూఎస్‌బీకి తగిలించేది ఒకటి కొనుక్కోవాలి. డిస్కు పెట్టగానే పాటల వరుస వస్తుంది. పేర్లు నెట్‌లో దొరికితే సరే, తెలుగు డిస్కులకు చాలాసార్లు మనమే కొట్టుకోవాలి. ఫార్మాట్ అడిగినప్పుడు మాత్రం ఫ్లాక్ ఎంచుకోండి. సైజు దాదాపు సగానికి తగ్గుతుంది, నాణ్యత ఇసుమంతైనా పోదు. కారుకు ఎంపీ3 కావాలంటే దాన్నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఎంపీ3లో ఒకసారి పోయిన నాణ్యత మాత్రం తిరిగి రాదు.

గీతలు పడ్డ డిస్కయితే మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. డేటా డిస్కులో తప్పుల్ని దిద్దుకునే అదనపు ఏర్పాటు ఉంటుంది, ఆడియో డిస్కులో అది లేదు. అందుకే లినక్స్‌లోని సీడీపారనోయా అనే ప్రోగ్రామ్ అనుమానం వచ్చిన చోటల్లా మళ్లీ మళ్లీ చదువుతుంది. గంట పట్టినా కంగారు పడొద్దు.

పాత ప్లేయర్ కోసం మళ్లీ డిస్కే కావాలంటే లినక్స్‌లో డిస్కులు రాసే కేత్రీబీ అనే ప్రోగ్రామ్‌లో ‘ఆడియో సీడీ’ అని ఎంచుకుని రాయాలి. డేటా డిస్కుగా రాస్తే ఆ ప్లేయర్ పాడదు. ఒక డిస్కులో 80 నిమిషాలకు మించి పట్టదు.

సొంతానికి కాపీ చేసుకోవడం వేరు, అమ్మడం వేరు. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుపై హక్కు అది విడుదలైన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. 1974లో వచ్చిన ఘంటసాల గీతకు ఆ గడువింకా తీరలేదు.

అసలు మొదలుపెట్టాల్సింది ఆ గీతతో కాదు, అది నెట్‌లోనూ దొరుకుతుంది. నిడదవోలు మండలంలోని కోట సత్తెమ్మ గుడి దగ్గర మీవాళ్లెవరో చెప్పిన హరికథో, మీ తాతగారి గొంతో ఇంట్లో రాయించిన సీడీలో ఉంటే ముందు దాన్ని తియ్యండి. అలాంటి డిస్కుల్లోని రంగుపొర ఎండకీ వేడికీ చెడిపోతుంది, వాటికి రెండో కాపీ ఎక్కడా ఉండదు.